వయసు మళ్లిన సముద్రతీర విడిది ఊళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒకప్పుడు సెలవులు రాగానే జనంతో కిటకిటలాడి, ఇప్పుడు సగం గదులకు తాళాలు వేలాడుతున్న సముద్రతీరపు ఊళ్లను గురించి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో పదే పదే కనిపించిన ప్రశ్నలను ఈసారి తీసుకున్నాము. రాసినవారి పేర్లను, వారి ఊళ్ల పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా ఊరిలో ఏ సమావేశం జరిగినా 'ఊరి స్వభావాన్ని కాపాడుకోవాలి' అని అందరూ అంటారు. ఆ స్వభావం ఏమిటని అడిగితే మాత్రం ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పరు. దానిని కాగితం మీద పెట్టడం వీలవుతుందా?

జవాబు: వీలవుతుంది. అయితే ముందుగా రంగులనూ అలంకారాలనూ కాసేపు పక్కన పెట్టాలి. అమెరికాలోని మయామీ బీచ్ అనగానే చాలామందికి లేత గులాబీ, లేత ఆకుపచ్చ, లేత పసుపు రంగుల పాత హోటళ్లు గుర్తుకు వస్తాయి. అదే ఆ ఊరి అసలు రూపమని నమ్ముతారు. నిజానికి 1920ల నుండి 1940ల వరకు కట్టిన ఆ భవనాలలో ఎక్కువ భాగం తెల్లగా ఉండి, అంచులకు మాత్రమే రంగు ఉండేది. ఈ లేత రంగుల వరుసను 1980లలో లెనార్డ్ హోరోవిట్జ్ అనే రూపకర్త కూర్చాడు. అది అందంగానే ఉంది, ఊరికి మేలే చేసింది. కానీ అక్కడ రంగు మారినా చెడనిది ఒకటుంది. చాలావరకు రెండు మూడు అంతస్తులకు మించని ఎత్తు, ఇరుకైన స్థలాలలో పక్కపక్కనే నిలిచిన చిన్న భవనాలు, వాటిలో చాలావాటికి వీధి వైపు ఒక వరండా, ఆ వరండాలో కూర్చున్న మనిషికీ కాలిబాట మీద నడిచే మనిషికీ మధ్య కొద్ది అడుగుల దూరం. ఆ దూరం పోతే ఎన్ని రంగులు వేసినా ఊరు తిరిగి రాదు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, చర్చను ఒక పూట ఆపి, టేపు పట్టుకుని ఊరంతా నడవండి. స్థలాల వెడల్పు ఎంత, భవనాల ఎత్తు ఎంత, గోడకూ వీధికీ మధ్య ఎంత జాగా వదిలారు, సముద్రం వైపు తెరుచుకునే సందులు ఎన్ని, వాటిలో ఎన్నింటి చివర నీరు కనబడుతుంది, ఎన్నింటి చివర ఎవరో గేటు పెట్టారు అనేవి రాసుకోండి. ఒక సందు మొదట్లో నిలబడితే చివర ఇంత నీలం ముక్క కనబడుతూ, గాలి నేరుగా ముఖానికి తగులుతూ ఉంటే, ఆ సందు వెడల్పును అంగుళాలతో సహా నమోదు చేయండి. రేపు ఎవరైనా అక్కడ పై అంతస్తును ముందుకు జరిపి కట్టబోతే మీ చేతిలో ఉండే ఆధారం అదే. సాయంత్రం పూట ఎవరు ఎక్కడ కూర్చుంటారో, డబ్బు ఖర్చు పెట్టకుండా గంటసేపు గడపగల చోట్లు ఎన్ని ఉన్నాయో కూడా రాయండి. విడిది ఊరి స్వభావంలో ఇది సగమని నా అభిప్రాయం. ఎందుకో గాని వారసత్వ నివేదికలలో దీనికి ఒక్క పేజీ కూడా దక్కదు.

ప్రశ్న: ఎత్తైన హోటళ్లకు అనుమతి ఇవ్వకపోతే ఊరు చచ్చిపోతుందని పెట్టుబడిదారులు అంటున్నారు. ఇందులో నిజం ఎంత?

జవాబు: ఊరు క్షీణించడం నిజమే కావచ్చు. విహారస్థలాలకు ఒక జీవితచక్రం ఉంటుందని భూగోళ శాస్త్రవేత్త రిచర్డ్ బట్లర్ 1980లో ప్రతిపాదించారు. ముందు కొద్దిమంది కొత్త చోటును వెతుక్కుంటూ వస్తారు, తరువాత స్థానికులు వసతులు కల్పిస్తారు, ఆపైన పెద్ద పెట్టుబడి వస్తుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది, ఒక దశలో స్తంభిస్తుంది. అక్కడి నుండి ఊరు క్షీణించవచ్చు లేదా కొత్త ఊపిరి పోసుకోవచ్చు. మీరు అడుగుతున్నది ఆ మలుపు దగ్గర నిలబడిన ఊరిని గురించి. అయితే కొత్త ఊపిరి అంటే ఎత్తు అని ఆ సిద్ధాంతంలో ఎక్కడా లేదు.

ఎత్తును నేను గుడ్డిగా వ్యతిరేకించను. స్పెయిన్‌లోని బెనిడోర్మ్ 1956 నాటి ప్రణాళిక నుండి క్రమంగా నిలువుగా ఎదిగిన ఊరు. సన్నని శిఖరాల్లాంటి భవనాల మధ్య నేల ఖాళీగా మిగిలింది, జనం నడిచే తిరుగుతారు. అది నచ్చనివారు ఉండవచ్చు గాని దానికొక తీరు ఉందని ఒప్పుకోవాలి. ప్రమాదమల్లా మధ్యలో ఉంది. రెండంతస్తుల వీధిలో ఒక్క స్థలానికి పన్నెండు అంతస్తుల అనుమతి ఇచ్చిన రోజున, పక్క స్థలాల యజమానులందరూ తమ నేలకు కూడా పన్నెండు అంతస్తుల ధర ఊహించుకోవడం మొదలుపెడతారు. అక్కడి నుండి ఇరవై గదుల హోటలును మరమ్మతు చేయించడం ఎవరికీ గిట్టుబాటుగా కనిపించదు. కూల్చివేయబోయే భవనానికి రంగు ఎందుకని వదిలేస్తారు, పైకప్పు కారినా పట్టించుకోరు, అయిదేళ్లు తిరిగేసరికి 'చూడండి, శిథిలమైపోయింది' అని దానినే వాదనగా తెస్తారు. అంటే ఊరు ముసలిదైపోవడం వల్ల అనుమతులు అవసరమవుతున్నాయని చెప్పేచోట, అనుమతి వస్తుందనే ఆశే ఊరిని ముసలిదాన్ని చేస్తూ ఉండవచ్చు. ఎత్తు నియమం ఎంత అన్నదాని కంటే అది మారదన్న నమ్మకం ముఖ్యం. మినహాయింపులు దొరికే నియమం ఉండటం కంటే అసలు నియమం లేకపోవడమే నయమని కొన్నిసార్లు అనిపిస్తుంది.

వెనక్కు వెళ్లిన ఊళ్లు కూడా ఉన్నాయి. స్పెయిన్‌కే చెందిన మయోర్కా ద్వీపంలో కాల్వియా పురపాలక సంఘం 1990లలో పాతబడిన హోటళ్లను కొన్నింటిని కొని, కూల్చి, ఆ జాగాలను తెరిపిగా వదిలింది. గదులు తగ్గించుకుని ఊరిని నిలబెట్టుకోవాలన్న ఆలోచన మీ పెట్టుబడిదారులకు వింతగా తోచవచ్చు, కానీ అది వారికి వినిపించదగిన ఉదాహరణే.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో మా తాతల నాటి ఇటుక ఇల్లు ఉంది. గోడలకు ఎన్నిసార్లు సిమెంటు పూత పూయించినా రెండేళ్లు తిరగకుండానే పెచ్చులు ఊడిపోతున్నాయి. తరువాత కట్టిన కాంక్రీటు బాల్కనీ కూడా పగుళ్లిచ్చింది. ఇక కూల్చడమే దారి అంటున్నారు.

జవాబు: ఈ ప్రశ్నకు కొంచెం విస్తారంగా జవాబు చెబుతాను. పాత ఊళ్లు పోతున్నది బుల్‌డోజర్ల వల్ల అనుకుంటాము గాని, చాలావరకు పోతున్నది ఇలాంటి తప్పు మరమ్మతుల వల్లనే.

మీ గోడలో రెండు వస్తువులు కలిసి ప్రయాణిస్తున్నాయి: నీరు, ఆ నీటిలో కరిగిన ఉప్పు. తుంపరగా గాలిలో వచ్చినా, నేలలోంచి పైకి పాకినా, ఆ తడి ఎక్కడో ఒకచోట ఆరాలి. ఆరిన చోట ఉప్పు స్ఫటికాలుగా గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు చుట్టూ ఉన్న రంధ్రాలను నెడుతుంది. పాత ఇళ్లకు వేసిన సున్నపు గార తడిని పైకి వదిలేది; ఉప్పు గార ఉపరితలం మీద తెల్లని నూగులా పేరుకుని, గారే మెల్లగా రాలిపోయేది, ఇటుక నిలిచేది. కొన్నేళ్లకొకసారి గార వేయించుకోవడం, సున్నం కొట్టించుకోవడం ఇంటి ఆనవాయితీగా ఉండేది అందుకే. గట్టి సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. తడి వెనకే ఉండిపోతుంది, ఉప్పు పూతకూ ఇటుకకూ మధ్య గడ్డకడుతుంది, చివరకు పూత ఒక పలకలా ఊడి వస్తూ దానితో పాటు ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. ఊడిన పెచ్చును ఒకసారి తిరగేసి చూడండి: వెనక వైపు ఎర్రటి ఇటుక పొడి అంటుకుని ఉంటే, మీ గోడను తింటున్నది సముద్రం ఒక్కటే కాదు, ఆ పూత కూడా అని అర్థం.

చేయవలసినది సిమెంటును జాగ్రత్తగా తీయించి, గోడను ఒక ఎండాకాలమంతా ఆరనిచ్చి, సున్నపు గార వేయించడం. ఉప్పు మరీ ఎక్కువగా ఉంటే తడి బంకమన్నును గాని, కాగితపు గుజ్జును గాని గోడకు మందంగా పట్టించి, ఆరాక తీసివేస్తారు. ఆరేటప్పుడు అది గోడలోని ఉప్పును కొంత తనలోకి లాగుతుంది. రెండు మూడు సార్లు చేయవలసి రావచ్చు. పైన వేసే రంగు కూడా ఊపిరి ఆడనిచ్చేదై ఉండాలి. ప్లాస్టిక్ పొరలా అంటుకునే రంగు వేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

బాల్కనీ సంగతి వేరు. మంచి కాంక్రీటు క్షారగుణం వల్ల లోపలి ఇనుప చువ్వల మీద ఒక సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడు చువ్వ దాకా చేరితే ఆ పొర తెగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు మొదటి ఇనుము కంటే రెండు నుండి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును లోపలి నుండే పగలగొడుతుంది. కడగని సముద్రపు ఇసుకతో పోసిన శ్లాబైతే ఆ విషం పునాది నాటి నుండే లోపల ఉన్నట్టు. చిన్న సుత్తితో బాల్కనీ అడుగు భాగాన్ని మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట ఖణేలుమంటుంది. చువ్వ నుండి విడిపోయిన చోట డొల్ల డబ్బాను తట్టినట్టు వినబడుతుంది. అలాంటి చోట్లకు సుద్దతో గుర్తు పెట్టి నిర్మాణ ఇంజనీరుకు చూపించండి, ఆ లోగా దాని మీదికి ఎవరినీ పోనివ్వకండి. పైపైన సిమెంటు మెత్తడం రోగాన్ని దాచడమే. అమెరికాలోని ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ అనే తీర పట్టణంలో 1981 నాటి నివాస భవనం 2021 జూన్‌లో కూలి 98 మంది మరణించిన తరువాత, ఆ రాష్ట్రం మూడంతస్తులు, అంతకు మించిన పాత నివాస సముదాయాలకు నిర్ణీత వయసులో తనిఖీని తప్పనిసరి చేసింది. మీ బాల్కనీ మార్చవలసినదే అయినా, ఇల్లంతా కూల్చవలసినదని దాని అర్థం కాదు. ఇటుక గోడలకూ ఆ శ్లాబుకూ ఒకే రోగం లేదు.

ఇంకొక చిన్న మాట: కిటికీ బందులు, రెయిలింగులు కొత్తవి వేయించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు అంటే చాలదు, సముద్రగాలికి 316 రకం అడగండి, 304 రకం మీద కొద్ది కాలానికే గోధుమరంగు మరకలు తేలతాయి. ఏది వేయించినా నెలకొకసారి మంచినీళ్లతో కడిగితే దాని ఆయుష్షు బాగా పెరుగుతుంది. ఇంత చవకైన పరిరక్షణ మరొకటి నాకు తెలియదు.

ప్రశ్న: మా ఊరి పాత కట్టడాన్ని వారసత్వ జాబితాలో చేర్చి చాలా ఏళ్లయింది. అయినా రోజురోజుకూ కుంగిపోతోంది. జాబితా వల్ల ప్రయోజనం ఏమిటి?

జవాబు: జాబితా కూల్చకుండా ఆపగలదు, అదీ స్థానిక చట్టంలో పదును ఉంటేనే. నిలబెట్టడం దాని చేతిలో లేదు. ఇంగ్లండు దక్షిణ తీరంలో యూజీనియస్ బర్చ్ అనే ఒకే ఇంజనీరు రూపొందించిన రెండు పియర్‌ల కథ, అంటే తీరం నుండి సముద్రంలోకి సాగే ఆ విహార వంతెనల కథ, దీనికి సరిపోతుంది. బ్రైటన్‌లోని వెస్ట్ పియర్ 1866లో తెరుచుకుంది, ఆ దేశపు అత్యున్నత రక్షణ శ్రేణి దక్కింది, అయినా 1975లో మూతపడిన తరువాత మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. దశాబ్దాలు ప్రణాళికల మీద ప్రణాళికలు వేస్తుండగానే కొంత భాగం కూలింది, 2003లో మంటలు మిగిలినదాన్ని తినేశాయి. ఇప్పుడు నీటిలో నిలిచిన ఇనుప అస్థిపంజరాన్నే జనం ఫోటోలు తీసుకుంటారు.

రెండవది హేస్టింగ్స్ పియర్. 1872లో తెరిచినది 2010లో కాలిపోయింది; ఊరివారు పట్టుబట్టి, వాటాలు కొని మరీ దానిని తిరిగి కట్టించుకున్నారు. 2016లో తెరిచారు, 2017లో బ్రిటన్ వాస్తుశిల్ప రంగంలో పెద్దదైన స్టిర్లింగ్ బహుమతి వచ్చింది. అదే ఏడాది చివర దానిని నడిపే ధార్మిక సంస్థ అప్పులు తట్టుకోలేక చేతులెత్తేసింది, మరుసటి ఏడాది పియర్ ప్రైవేటు చేతికి పోయింది. మొదటిదానికి కట్టేందుకు డబ్బు దొరకలేదు, రెండవదానికి దొరికింది గాని నడిపేందుకు దొరకలేదు. కట్టడానికి విరాళాలు ఇచ్చేవారు ఉంటారు, ప్రారంభోత్సవానికి వచ్చేవారు ఉంటారు. ఏటేటా చువ్వలకు రంగు వేయడానికి ఇచ్చేవారు ఉండరు. మీ కట్టడానికి వచ్చే పదేళ్ల నిర్వహణ ఖర్చు ఎంత, అది ఏ ఆదాయం నుండి వస్తుంది అన్న లెక్క ఎవరైనా రాశారా అని అడగండి. రాయలేదంటే జాబితాను తప్పుపట్టి లాభం లేదు.

ప్రశ్న: సీజను ముగియగానే మా వీధిలో మూడు వంతుల ఇళ్లు చీకటి. బయటివారు సెలవు ఇళ్లుగా కొనకుండా నిషేధిస్తే సరిపోతుందా?

జవాబు: కొంత వరకే. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరపు ఊరు సెయింట్ ఐవ్స్‌లో 2016లో ప్రజాభిప్రాయం తీసుకుని, కొత్తగా కట్టే ఇళ్లలో శాశ్వత నివాసులే ఉండాలన్న నియమం తెచ్చారు. ఓటువేసినవారిలో పది మందిలో ఎనిమిది మందికి పైగా దానిని సమర్థించారు. కానీ నియమం కొత్త ఇళ్లకే కనుక సెలవు ఇంటి కోసం వచ్చే డబ్బు పాత ఇళ్ల వైపు మళ్లింది. ఊరి నడిబొడ్డున ఉన్న పాత ఇళ్లే కదా ఊరికి రూపం ఇచ్చేవి. నియమం పెట్టదలిస్తే పాత ఇళ్లనూ రోజు అద్దెకు ఇచ్చే ఇళ్లనూ కలిపి ఆలోచించాలి. దానితో పాటు హోటళ్లలో, దుకాణాలలో పనిచేసేవారికి ఊళ్లోనే అద్దె ఇళ్లు దొరికే ఏర్పాటు కావాలి. మయామీ బీచ్‌లో పాత హోటళ్లను కాపాడిన ఉద్యమం గెలిచింది, 1979లో ఆ ప్రాంతం జాతీయ జాబితాకెక్కింది. ఆ హోటళ్లలోనే చిన్న పింఛన్ల మీద బతుకుతూ వరండాల్లో కుర్చీలు వేసుకుని కూర్చున్న వృద్ధులు మాత్రం పెరిగిన అద్దెలకు అక్కడ నిలవలేకపోయారు. భవనాలు మిగిలాయి, కుర్చీలలో మనుషులు మారారు. దానిని పూర్తి విజయమని నేను రాయలేను.

ప్రశ్న: కోత పెరుగుతోంది. తీరం వెంట గట్టి కాంక్రీటు గోడ కడితే ఊరు నిలుస్తుంది కదా?

జవాబు: ఊరు నిలవవచ్చు, ఇసుక నిలవదు. అమెరికాలోని గాల్వెస్టన్‌లో 1900 నాటి తుపానులో కనీసం 6,000 మంది చనిపోయారు. ఆ తరువాత అక్కడివారు సముద్రపు గోడ కట్టి, రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకెత్తి వాటి కింద నేలను ఎత్తు చేశారు. ప్రాణాలు కాపాడిన గొప్ప పని అది. కానీ గోడ ముందు ఉన్న ఇసుక తీరం క్రమంగా సన్నబడింది, ఇప్పుడు బయటి నుండి ఇసుక తెచ్చి పోయవలసి వస్తోంది. కారణం సులభంగానే అర్థమవుతుంది: అల గోడకు కొట్టుకుని వెనక్కు మళ్లినప్పుడు పాదం దగ్గరి ఇసుకను తోడుకుపోతుంది. పైగా సముద్రమట్టం పెరిగేకొద్దీ తీరం లోపలికి జరగాలని చూస్తుంది, గోడ జరగనివ్వదు. ప్రపంచ సగటున 1901, 2018 మధ్య సముద్రమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది, వేగం పుంజుకుంటోంది కూడా. సముద్రంలోకి రాళ్ల గట్లు వేస్తే మీ వైపు ఇసుక ఆగుతుంది గాని, ఇసుక కొట్టుకుపోయే దిశలో ఉన్న పక్క ఊరికి కోత పెరుగుతుంది. ఆసుపత్రి, ప్రధాన రహదారి వంటి వాటి దగ్గర గోడ తప్పకపోవచ్చు. మిగతా చోట్ల ఇసుక దిబ్బలను, వాటిని పట్టి ఉంచే మొక్కలను బతకనిచ్చి, కొత్త కట్టడాలను వెనక్కు జరపడమే మంచిది. ఇసుక లేని విడిది ఊరికి ఎవరూ రారన్న సంగతిని గోడ అంచనా వ్యయంలో ఎవరూ కలపరు.

ప్రశ్న: మా వీధిలో అరవై ఏళ్ల నాటి చవకబారు మోటెల్ ఒకటి ఉంది. నియాన్ బోర్డు, వంకర టింకర పైకప్పు. దీనిని కూడా వారసత్వం అంటారా? నవ్వుతారేమో.

జవాబు: నవ్వుతారు, నిజమే. అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో వైల్డ్‌వుడ్ ప్రాంతానికి 1950లు, 1960లలో కట్టిన ఇలాంటి మోటెళ్లే గుర్తింపు తెచ్చాయి: మెరిసే బోర్డులు, కోణాలు తిరిగిన రెయిలింగులు, ఈత కొలను చుట్టూ ప్లాస్టిక్ తాటిచెట్లు. వాటిని గంభీరంగా తీసుకునేసరికే, ముఖ్యంగా 2000 తరువాతి కొద్ది ఏళ్లలో, చాలా భాగం కూల్చి నివాస సముదాయాలు కట్టేశారు. మిగిలినవాటిలో ఒకటైన కరీబియన్ మోటెల్ 1957 నాటిది. 2005లో జాతీయ జాబితాలో చేరింది. అరవై ఏళ్ల వయసు కట్టడాలకు గడ్డుకాలం. కొత్తదన్న ఆకర్షణ పోయి ఉంటుంది, పాతదన్న గౌరవం ఇంకా రాదు. మీ మోటెల్ యజమాని అమ్మకముందే ఆయనతో మాట్లాడండి. ఒప్పుకుంటే బోర్డును వెలుగుతుండగా ఫోటో తీయండి, అక్షరాల కొలతలు తీసుకోండి, దానిని తయారుచేసినవారి బిల్లు గాని, పాత పోస్టుకార్డు గాని ఇంట్లో ఎక్కడైనా ఉందేమో అడగండి. బోర్డు దించవలసి వస్తే, దించే రోజున మీరు అక్కడ ఉండేలా చూసుకోండి. ఆ గాజు గొట్టాలు లారీలోకి విసిరితే ఇక పనికిరావు.